ఖాసిం నూనెలో ఏం కలిసింది?

1984, దీపావళి దాటిన రోజులు. అడవి నూనెలు కొనే ఒక సంస్థకు ఖమ్మంలో ఉన్న ల్యాబ్‌లో నేను కెమిస్టును. అశ్వారావుపేట అడవి అంచున రోషా గడ్డి ఉడికించి నూనె తీసే ఖాసిం పంపిన డబ్బా మూత తీయగానే ఉలిక్కిపడ్డాను. ఈ నూనెకు గులాబీ వాసన రావాలి. వచ్చింది అల్లం ఘాటు.

పోలారిమీటర్‌లో పెట్టాను. నూనె గుండా వెళ్లే వెలుగు కంపించే దిశ ఎంత తిరుగుతుందో చూపే పరికరమది. మంచి రోషా నూనెలో దాదాపు తిరగదు. ఇందులో బాగా తిరిగింది. నూనె పోసే గాజు గొట్టం కడిగి మళ్లీ చూశాను. అదే.

"కల్తీ అని రాసెయ్యండి," అన్నారు మేనేజర్.

రాస్తే ఖాసిం దగ్గర ఇక ఎవరూ కొనరు. కానీ ఏం కలిపాడని రాయాలి? నాకు తెలిసిన ఏ కల్తీ సరుకుకూ ఆ వాసన లేదు. మనసు నిలవలేదు. ఆ వారమే బస్సెక్కాను.

ఊళ్ల నుంచి డబ్బాలు తెచ్చే మా డ్రైవర్ నోట కల్తీ అన్న కబురు నాకంటే ముందే చేరింది. ఖాసిం గడ్డి ఉడికించే బట్టీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"మా అబ్బా కాలం నుంచి గిదే పని మేడం. ఇప్పుడు బజార్ల కల్తీ ఖాసిం అంటున్రు. నేనేం కలపలే."

"ఈసారి గడ్డి ఎక్కడిది?"

"గుట్ట మీదిది పశువులు మేసినయ్. కింద వాగు పక్కన కోసినం. గదే గడ్డి, గదే కంకి. ఫరకేముంది?"

రెండు చోట్ల గడ్డీ నా ముందే ఉడికించమన్నాను. మొదట వాగు గడ్డి. దీనికీ గులాబీ వాసనే వస్తే డబ్బాలో ఏదో కలిపినట్టే, ఇతని పని అయిపోయినట్టే. కూర్చోలేక బట్టీ చుట్టూ తిరిగాను. ఖాసిం బట్టీ నుంచి నూనె కారే గొట్టం చివర నుంచి చూపు తిప్పలేదు.

చుక్కలు పడ్డాయి. అల్లం ఘాటు ముక్కుకు కొట్టింది.

గడ్డి ఉడికిన డేగిసా కడిగి, గుట్ట మీద మిగిలిన గడ్డి వేశాం. గులాబీ!

ఖాసిం రెండు సీసాలూ మార్చి మార్చి వాసన చూశాడు. "గిట్లుంటదని నాకు గూడ ఎరుక లేదు."

"సరుకు మాత్రం మేం తీసుకోలేం ఖాసిం. కొనేవాళ్లకు గులాబీ వాసనే కావాలి."

"సరుకు పోతే పోనీ మేడం. కల్తీ అన్న మాట వాపస్ తీస్కోండి."

'కల్తీ లేదు, వాగు పక్కన పెరిగే గడ్డి రకం వేరు' అని రిపోర్టు రాశాను. మేనేజర్ సంతకం పెట్టేదాకా నేను ఆయన గదిలోంచి కదల్లేదు.

కంటికి ఒకేలా కనిపించే అడవి మొక్కల్లో ఒకే నూనె ఉండాలని లేదు. ఆ తర్వాత ఏ డబ్బా తేడాగా ఉన్నా, తెచ్చిన మనిషిని అనుమానించే ముందు ఆ మొక్క పెరిగిన నేల గురించి అడిగేదాన్ని.