బోరు నీళ్ళ రుచి

బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇచ్చింది తాగే అలవాటు నాకు లేదు. చిట్టమూరులో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన, కాసేపటికి సంచీలోంచి నీళ్ళ సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

“ఒక్క గుక్క తాగి చెప్పు అబ్బయా. ఉప్పగా ఉండాయా?”

అవి ఆయన పొలంలోని బోరు నీళ్ళట. ఆ మాట ఊళ్ళోవాళ్ళనే అడగొచ్చు కదా అన్నాను, కాస్త విసుగ్గానే.

“వాళ్ళూ ఇయ్యే తాగేది. చుట్టూరా రొయ్యల గుంటలొచ్చినాక నీళ్ళు ఒకేసారి మారలేదు, రోజుకింత మారినాయి. మా నోళ్ళూ వాటితోనే మారినాయి. పోయినేడు అందరం తాగి చూసి, బాగానే ఉండాయని నారు పోసినాం. కొనలు ఎండి మొత్తం పోయింది. అందుకే ఈసారి బయటోళ్ళ నోరు కావాల.”

ఆయన ఈసారి నారుకి వడ్లు నానబెట్టాలా వద్దా అన్నది నేను చెప్పే మాట మీద ఉందని అప్పుడర్థమైంది. తాగాను. మింగకముందే తెలిసిపోయింది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు. నొప్పించడం ఇష్టంలేక “కొంచెం” అన్నాను.

“కొంచెమైతే మొహం అట్ట పెట్టరులే,” అని సీసా తీసుకుని, మిగిలిన నీళ్ళు తాను తాగేశాడు. మంచినీళ్ళు తాగినట్టే తాగాడు.

ఇది జరిగి రెండేళ్ళు. మా వీధిలోనూ అందరివీ బోరు నీళ్ళే, మాకు బాగానే ఉంటాయి. అయినా ఇంటికి కొత్తవాళ్ళెవరైనా వస్తే, గ్లాసు చేతికిచ్చి, మొదటి గుక్క మింగేదాకా వాళ్ళ ముఖం చూస్తూ నిలబడుతున్నాను.