నోట్లో ముద్దతో లేవకూడదు

మా పిన్ని భోజనానికి కూర్చుందంటే చాలు, నాకు గుండెదడ మొదలయ్యేది. నవ్వకండి. నోరు చూస్తే నాది ఊరంత, గుండె చూస్తే ఆవగింజంత. అయినా నా భయానికి కారణం ఉంది. ఆ మధ్య పిన్నికి చిన్న పక్షవాతం వచ్చి పోయింది. వంకరపోయిన మూతి సర్దుకుంది, వాలిపోయిన చెయ్యి సర్దుకుంది, గొంతు మాత్రం పూర్తిగా సర్దుకోలేదు. మింగే కండరాలు బలహీనపడ్డాయి, ముద్ద పొరపాటున ఊపిరికి అడ్డం పడితే ప్రాణానికే ముప్పు అని డాక్టరమ్మ చెప్పింది. చిన్న చిన్న ముద్దలు తినాలట, గడ్డం కిందికి వంచి మింగాలట, తినేటప్పుడు మాట్లాడకూడదట. మాట్లాడకూడదట! మా పిన్ని! ఆ మాట విని డాక్టరమ్మ మొహం మీదే నవ్వబోయి ఆపుకున్నాను.

అప్పటినుంచీ ఇంట్లో ఆవిడకు ఎదురుగా కూర్చుని, ఆవిడ గొంతు కదిలేదాకా నా ముద్ద నా నోట్లోనే ఉంచుకునేదాన్ని.

"ఏమే, నా గొంతులో సినిమా ఆడుతోందా, అట్లా గుడ్లప్పగించి చూస్తావు?" అని తిట్టేది పిన్ని.

తిట్టిందంటే ముద్ద దిగినట్టే. అప్పుడు నేను మింగేదాన్ని.

పిన్ని అట్టపెట్టెల ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషి. అదే ఫ్యాక్టరీలో నేను పెట్టెల అంచులకు జిగురు పూస్తాను. మా అమ్మ పోయినప్పుడు నన్నూ తమ్ముణ్ణీ తెచ్చుకుని ఆ క్యాంటీన్ వంటింట్లోనే పెంచింది. తను పెళ్ళి మాటే ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, "ఇద్దరు పిల్లలున్న దాన్ని, నన్నెవడు చేసుకుంటాడయ్యా" అని నవ్వేసేది.

క్యాంటీన్ అంటే రేకుల కప్పు కింద ఒక పెద్ద గది, పొడుగాటి బల్లలు, చెవులు చిల్లులు పడే గోల. కంచాల చప్పుడు, బెంచీలు ఈడ్చే చప్పుడు, ఎవరింట్లో ఎవరు ఎవరిని తిట్టారన్న కబుర్లు. వంట ఎప్పుడూ ఒకటే: ఒక కూర, ఇంత రొట్టె, వేడి సూపు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, పిన్ని దగ్గర అందరూ మనవాళ్ళే, అందరిదీ మొదటి బంతే.

ఆ గదిలో పిన్ని పెట్టిన చట్టం ఒకటుంది. నోట్లో ముద్దతో లేవకూడదు. పొలమారితే పదిమందిలోనే పొలమారాలి, దగ్గొస్తే కూర్చునే దగ్గాలి. ఎవరైనా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచారా, పిన్ని గరిటె తీసి గంగాళం మీద ఠంగుమని ఒక్కటి కొట్టేది.

"ఎక్కడికిరా? కూర్చో! లేవకుండా ఇక్కడే దగ్గు!"

అందుకే ఆవిడ ఫ్యాక్టరీ అంతటికీ గరిటె పిన్ని అయింది.

ఆ చట్టం ఊరికే రాలేదు. నా చిన్నప్పుడు సామాన్లు ఎత్తే పనికి ఒకతను కొత్తగా చేరాడు. వట్టి సిగ్గరి. ఒకరోజు తింటూ తింటూ గొంతుకు అడ్డం పడితే, దగ్గితే నలుగురూ నవ్వుతారేమోనని నోరు మూసుకుని మెల్లగా బయటికి వెళ్ళాడు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడనుకున్నారు అందరూ. కుళాయి కింద పడి ఉండగా చూసింది నేనే. గోడకు ఇవతల గదినిండా జనం ఉన్నారు, ఎవరికీ ఏమీ వినపడలేదు. అతని కాళ్ళ మీద కుళాయి నీళ్ళు ధారగా పడుతూనే ఉన్నాయి. ఇప్పటికీ ఎక్కడైనా కుళాయి ఊరికే పోతుంటే నేను చూస్తూ ఉండలేను.

"వాణ్ణి చంపింది ముద్ద కాదే, సిగ్గు" అనేది పిన్ని. ఆ తర్వాత ఫ్యాక్టరీ నర్సు దగ్గర కూర్చుని, ముద్ద అడ్డం పడితే వీపు మీద ఎక్కడ చరవాలో, వెనకనుంచి పట్టుకుని డొక్కల కింద పిడికిలితో ఎట్లా గుంజాలో నేర్చుకుంది. పట్టుబట్టి మా అందరికీ నేర్పింది.

ఇన్ని చెప్పిన మనిషి తను మాత్రం అందరూ తిని వెళ్ళాక, వెనక వంటింట్లో గంగాళాల మధ్య పీట వేసుకుని ఒంటరిగా తినేది. "వండేది నేను, వాళ్ళ మధ్య కూర్చుని తినడమేంటే, ఎబ్బెట్టుగా!" అనేది. జబ్బు చేసి మళ్ళీ పనిలోకి వచ్చాక కూడా అదే తంతు. ఆ వేళకు నేను జిగురు చేతులతోనే పరిగెత్తుకెళ్ళి, తలుపు సందులోంచి తొంగిచూసి వచ్చేదాన్ని. మేస్త్రీ అరిచేవాడు. అరవనీ, వాడి పిన్ని కాదుగా.

ఇట్లా ఉండగా తమ్ముడికి వాళ్ళ కంపెనీలో పెద్ద ఉద్యోగం అయింది. ఆదివారం మధ్యాహ్నం పిన్నిని ఊళ్ళోకెల్లా ఖరీదైన రెస్టారెంటుకి తీసుకెళ్తానని పెళ్ళాంతో సహా వచ్చి కూర్చున్నాడు.

"ఎందుకురా అంత దూరం? కడుపు నిండటానికి మనింట్లో గిన్నెలు లేవా?" అన్నాను.

"అక్కా, కడుపు నిండటానికి కాదే. జన్మంతా అందరికీ వడ్డించింది. ఒక్కపూట కూర్చోబెట్టి వడ్డించనీ."

"ఆవిడ గొంతు సంగతి మర్చిపోయావా? అక్కడ పెట్టేదేంటో, అందులో ఏముంటుందో మనకేం తెలుసు?"

"మెత్తటివే తెప్పిద్దాం వదినా, నేను చూసుకుంటాను" అంది మరదలు. పాపం, మంచి పిల్ల.

పిన్ని మా ముగ్గురి మొహాలూ చూసి, చిన్నపిల్లలా కొంగు సర్దుకుంటూ, "ఒక్కసారి వెళ్ళొద్దామే. అట్లా కూర్చుని తింటే ఎట్లా ఉంటుందో చూడాలని నాకూ ఉంది" అంది. ఆ మాటకు నేనూ సరేనన్నాను.

కారులో తమ్ముడు జాగ్రత్తలు మొదలుపెట్టాడు. "పిన్నీ, అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. అందరూ చాలా మెల్లగా తింటారు. దగ్గో తుమ్మో వస్తే పక్కకు వెళ్ళి రావాలి, సరేనా?"

నాకు ఒళ్ళు మండింది. "ఒరే, నిన్నూ నన్నూ దగ్గనిచ్చి బతికించిన మనిషిరా ఆవిడ."

"అబ్బా అక్కా! ప్రతిదానికీ ఒక ఏడుపేనా? ఒక్కపూట!"

పిన్ని మాత్రం బుద్ధిగా తలూపింది. ఆ తలూపడం, ఎందుకో తెలియదు, నాకు అస్సలు నచ్చలేదు.

లోపల మిట్టమధ్యాహ్నమే మునిమాపులా ఉంది. కిటికీలకు దళసరి తెరలు. బల్లకొక కొవ్వొత్తి. కాళ్ళ కింద తివాచీ ఎంత మెత్తగా ఉందంటే, ఎవరు వచ్చారో ఎవరు పోయారో చప్పుడే లేదు. అందరూ గుసగుసలాడుతున్నారు. బల్ల ఇంత వెడల్పు, మధ్యలో పూలు, దీపం. అవతలి వైపున పిన్నిని కూర్చోబెట్టారు. దీపం వెలుగు ఆవిడ మొహం మీద పడుతోంది గానీ గడ్డం కింద అంతా చీకటే. గొంతు కదులుతోందో లేదో నాకు కనిపించలేదు. దీపం పక్కకు జరిపాను. వడ్డించే కుర్రాడు వచ్చి మర్యాదగా మళ్ళీ మధ్యలో పెట్టి వెళ్ళాడు.

న్యాయంగా చెప్పుకోవాలి, ఆ కుర్రాడు బంగారం. పిన్నికి కుర్చీ లాగి కూర్చోబెట్టి, వంగి, "అమ్మా, మీకేం ఇష్టమో చెప్పండి, అట్లాగే చేయిస్తాను" అన్నాడు.

పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకేం ఇష్టమో... ఎవరూ అడగలేదు నాయనా, నాకే తెలీదు" అంది.

సూపు వచ్చింది. నేనేమీ ఏడుపుగొట్టుదాన్ని కాను, అది అమృతమే. పిన్ని దీపం పక్కనుంచి వంగి నాతో, "దీని ముందు నా సూపు కుడితేనే" అని గొణిగింది. చెంచా చెంచాకీ కళ్ళు మూసుకుని, గడ్డం వంచి, బుద్ధిగా తాగింది. ఇక మాట్లాడలేదు. నా భయం కొంచెం సద్దుమణిగింది. ఇంత ఖరీదు ఎందుకంటే ఇందుకేనేమో, ఎవరో మనల్ని అడిగి, వంగి వడ్డించినందుకేనేమో అని కూడా అనుకున్నాను.

తర్వాత బుట్టలో రొట్టె వచ్చింది. తమ్ముడు తమ మేనేజరు సంగతేదో చెబుతున్నాడు, మరదలు నవ్వుతోంది. నేను పిన్ని వైపే చూస్తున్నాను. నమలడం ఆగిపోయింది. చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుంది. కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపింది. మావైపు చూసి కళ్ళతో నవ్వింది. నెమ్మదిగా లేచి, లోపలికి నడుచుకుంటూ వెళ్ళింది.

"చూశావా అక్కా, పిన్ని ఎంత పద్ధతిగా లేచి వెళ్ళిందో! నువ్వు అనవసరంగా హడలి చచ్చావు" అన్నాడు తమ్ముడు.

ఆవిడ పళ్ళెంలో కొరికిన రొట్టె ఉంది. నోట్లో ముద్దతో లేవకూడదు.

లేచాను. కుర్చీ పడిపోయింది. "పిన్నీ!" అని అరిచాను. ఆ గదిలో తలలన్నీ ఒక్కసారి నావైపు తిరిగాయి. ఎక్కడికి వెళ్ళింది? ఎటు చూసినా గోడే. తలుపు కూడా గోడలాగే ఉంది, ఏది తలుపో ఏది గోడో తెలిసి చావడం లేదు. కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "మేడమ్, కొంచెం మెల్లగా..." అన్నాడు.

"మెల్లగా నీ మొహం! బాత్రూమెక్కడ?"

చూపించాడు. బరువైన తలుపు. తోసుకుని లోపలికి వెళ్ళాను. తలుపు నా వెనక తనంతట తనే చప్పుడు లేకుండా మూసుకుంది. లోపల ఎక్కడినుంచో సంగీతం వస్తోంది. కుళాయి పూర్తిగా తిప్పి ఉంది, నీళ్ళు ధారగా పడుతున్నాయి. పిన్ని రెండు చేతులతో బేసిను అంచు పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. అద్దంలో ఆవిడ కళ్ళు నన్ను చూశాయి. నోరు తెరిచి ఉంది, లోపలినుంచి చిన్న శబ్దం కూడా లేదు.

ఆ నీళ్ళు, ఆ కుళాయి. అయిపోయింది, నా పిన్ని కూడా అట్లాగే అయిపోయింది అనుకున్నాను. తర్వాత ఆవిడ నేర్పిన విద్యే చేతుల్లోకి వచ్చింది. వంచి వీపు మీద చరిచాను. ఏమీ లేదు. ఇంకా గట్టిగా చరిచాను. ఆవిడ మోకాళ్ళు వంగిపోతున్నాయి. వెనకనుంచి వాటేసుకుని, డొక్కల కింద పిడికిలి బిగించి లోపలికి, పైకి గుంజాను. "అమ్మా, అమ్మా" అంటున్నానట, నాకు తెలియదు. మళ్ళీ గుంజాను. టప్పుమని రొట్టెముక్క బేసినులో పడింది. ఆవిడ గొంతులోంచి గీరుమని ఊపిరి లోపలికి వెళ్ళింది.

అప్పుడేం చేసిందో తెలుసా? ఇంకా ఊపిరి సరిగ్గా ఆడకుండానే రుమాలు వెతుక్కుని నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు వైపు చూసి, "మెల్లగా... వింటారే" అంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కుళాయి కట్టేశాను. తలుపు బార్లా తెరిచి కాలు అడ్డం పెట్టాను.

"విననీ! ఊరంతా విననీ! దగ్గు, పిన్నీ! గట్టిగా దగ్గు!"

దగ్గింది. ఆ మెత్తటి గదంతా మారుమోగేట్టు దగ్గింది. గుసగుసలు ఆగిపోయాయి. తమ్ముడు గుమ్మం దాకా వచ్చి బేసినులో ముక్కను చూశాడు, తడిసిన కుళాయిని చూశాడు. వాడూ ఆ క్యాంటీన్లోనే పెరిగినవాడే, చెప్పాల్సిన పని లేకపోయింది. మంచి బట్టలతోనే నేల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"చట్టం పెట్టిందానివి నువ్వే, ఎందుకు లేచావు? కుళాయి ఎందుకు తిప్పావు?" అని ఆస్పత్రికి తీసుకెళ్ళే దారిలో ఆవిడ్ని నిలదీశాను.

"వాడు అంత ముచ్చటపడి తీసుకొచ్చాడే. ఆ కుర్రాడు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అంతమంది మర్యాదస్థుల మధ్య ఎట్లా దగ్గను?" అంది. మళ్ళీ తనే, "ఆ సూపు మాత్రం అమోఘమే" అంది.

"నీకు సిగ్గుందా అసలు?"

"అది ఉండబట్టేగా ఇంతా జరిగింది" అంది పిన్ని. ఆ తర్వాత దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ ఊపిరితిత్తులు చూసి, ఫరవాలేదు, విశ్రాంతి తీసుకోమంది. పిన్ని వింటేనా? నాలుగు రోజులకే క్యాంటీన్లో ప్రత్యక్షమైంది. మధ్యాహ్నం జనం బిలబిలమంటూ వచ్చారు. వడ్డన అయ్యాక, నేను అలవాటుగా వెనక వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళబోతుంటే, ఆవిడే కంచం పట్టుకుని బయటికి వచ్చింది. నడి గదిలో పొడుగు బల్ల దగ్గర ఆగి, "జరగండ్రా" అంది. జరిగారు. మధ్యలో కూర్చుంది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను ఎదురు బెంచీ మీద కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

పిన్ని గడ్డం వంచి ఒక ముద్ద మింగింది. రెండోది పెట్టుకుంది. పొలమారింది.

చెంచాలు ఎక్కడివక్కడ ఆగాయి. సగం మంది లేచి నిలబడ్డారు. ఆవిడ మొహం ఎర్రబడింది, చెయ్యి మూతి మీదికి వెళ్ళింది, బెంచీ మీదనుంచి ఒక కాలు బయటికి పెట్టింది. అప్పుడు గంగాళం ఠంగుమంది. మేస్త్రీ, గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లేవకు పిన్నీ! కూర్చునే దగ్గు!"

పిన్ని కూర్చుంది. చెయ్యి తీసేసింది. అంతమంది చూస్తుండగా, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా, దగ్గింది. మళ్ళీ దగ్గింది. పక్కనున్న మనిషి ఆవిడ వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. దగ్గు ఆగింది. ఎవరూ కదల్లేదు, ఎవరూ నవ్వలేదు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, గుక్క తిప్పుకుని, మేస్త్రీ వైపు తిరిగింది.

"నా గరిటె ముట్టుకుంటావట్రా, చచ్చినోడా!"

తిట్టింది. అప్పుడు నా నోట్లో ముద్ద నేను మింగాను.