భాష్యం గారికి ఇంకా జూన్ నెలే

1957 అక్టోబరు ఏడో తారీఖు, సోమవారం ఉదయం. మద్రాసులో సగం జనం ఆకాశం కేసి చూస్తూ నడిచి ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. భాష్యం గారు మాత్రం జూన్ నెలలో ఉన్నారు.

ఉత్తర మద్రాసులో ఒక ప్రైవేటు కాలేజీలో ఆయన ఫిజిక్సు లెక్చరరు. ఆ కాలేజీకి లండన్ నుంచి ఒక సైన్సు వారపత్రిక ఓడలో వచ్చేది. అచ్చయిన మూడు నాలుగు నెలలకు హార్బరులో దిగేది. దాన్ని వరస తప్పకుండా చదవడం భాష్యం గారి నియమం. అది చెప్పేదాకా లోకంలో ఎవరూ ఏదీ కనిపెట్టనట్టే లెక్క. ముందుగా ఎవరైనా నోరు జారబోతే రెండు చెవులూ మూసుకునేవారు.

"చెప్పొద్దు! నా జూన్ ఇంకా కాలేదప్పా!"

దినపత్రికలో సైన్సు వార్త కనిపిస్తే దాని మీద కాఫీ డవరా పెట్టి, చుట్టూ ఉన్నది చదివేవారు. సూయజ్ కాలువ మూతపడి ఓడలు ఆఫ్రికా చుట్టి వచ్చిన ఏడాది ఆయన ఇంకా వెనకబడ్డారు. ఉగాది పచ్చడి తింటూ కూడా నిరుటి అక్టోబరులోనే ఉన్నారు. ఒకసారి ఇంగ్లండు నుంచి ప్రొఫెసరు ఒకాయన ఉపన్యాసానికి వస్తే, మెట్ల దగ్గరే ఆపి, "తమరు దయచేసి మార్చి దాకానే మాట్లాడండి" అని వేడుకున్నారు. పెద్దమనిషి నవ్వి, మార్చి దాకానే మాట్లాడాడు.

స్టాఫ్ రూములో భాష్యం గారి పక్క కుర్చీలో కూర్చునే కెమిస్ట్రీ లెక్చరరు ఆదికేశవులుకు ఇదంతా తలవంపులుగా ఉండేది.

"సిగ్గుగా లేదా భాష్యం?"

"సైన్సు ఇంగ్లండు వాళ్ళకి పొయ్యి మీంచి వస్తుంది, మనకి ఓడ మీంచి వస్తుంది. చల్లారిందని పారబోసుకుంటామా?"

పిల్లలకు ఇది పండగ. మాస్టారిని ఏడిపించడానికే వాళ్ళు పేపర్లు చదివేవారు. వరండాలో ఆయన్ని చుట్టుముట్టి కొత్త వార్త చెవిలో వేసేవారు. చెవిలో పడ్డాక ఆయన ఊరుకునే మనిషి కాడు. "అదెట్లా కుదురుతుంది?" అని మొండికేసేవారు. ఆయన్ని ఒప్పించడానికి వాళ్ళు లైబ్రరీ తిరగేసి, నల్లబల్ల నిండా బొమ్మలు గీసి, గొంతులు పోగొట్టుకునేవారు.

ఈ పండగలో ఎన్నడూ కలవని పిల్ల మృణాళిని. బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం. రాసే పరీక్షల్లో క్లాసుకు మొదటిది. నోరు తెరవమంటే మాత్రం ప్రాణం పోయేది. మార్చిలో వైవాకు వెళ్ళినప్పుడు పరీక్షకుడు పేరడిగితే హాల్‌టికెట్టు చూసి చెప్పింది. తర్వాతి ప్రశ్నలకు హాల్‌టికెట్టులో జవాబుల్లేవు. ఫెయిలయింది. ఇప్పుడు మళ్ళీ వైవా, వచ్చే శనివారమే. ఈసారి పోతే చదువు మాన్పించి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరుస్తానని సౌకార్‌పేట కొట్లో గుమాస్తా అయిన వాళ్ళ నాన్న తేల్చి చెప్పాడు.

ఆ సోమవారం ఆదికేశవులు పేపరు ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, రష్యావాళ్ళు..."

"చెప్పొద్దు!"

చెవులు మూసుకుని భాష్యం గారు వరండాలోకి నడిచారు. అక్కడ స్తంభం చాటున మృణాళిని నిలబడి ఉంది.

"ఏమ్మా, ఊరంతా బంతి, బంతి అంటా ఉండారు. ఎంతసేపని చెవులు మూసుకునేది? ఆ మగపిల్లకాయల్ని అడిగితే ఎగతాళి చేస్తారు. నువ్వు చెప్పు, ఏంది సంగతి?"

"సార్... రష్యా వాళ్ళు... భూమి చుట్టూ తిరిగేటట్టు... బంతి..."

"పైకేసిన బంతి కింద పడాలి గదా?"

"పడతానే ఉంది సార్."

"పడతా ఉంటే ఏడ పడింది?"

"పడతానే ఉంది గానీ... భూమి కిందికి వంగిపోతా ఉంది సార్."

"భూమి వంగేదేంది? అదేమన్నా సౌకార్‌పేట బస్సా, ఒక పక్కకి వంగేదానికి?"

మృణాళిని తొలిసారి నవ్వింది. సుద్దముక్క తీసుకుని గోడ మీద గీసింది. మాస్టారు అర్థం కాలేదన్నారు. మంగళవారం "దానికి పెట్రోలు ఎవరు పోస్తారు?" అన్నారు. బుధవారం "చంద్రుడికి తగిలితే?" అన్నారు. గురువారానికి ఆ పిల్ల గొంతు కెమిస్ట్రీ లాబులోకి వినిపించింది.

"అయ్యో, ఎన్నిసార్లు చెప్పేది సార్ మీకు! వేగం ఉంది గదా, వేగం!"

ఆదికేశవులు తల పట్టుకున్నాడు. ఫిజిక్సు లెక్చరరే బాహాటంగా న్యూటన్‌ను మర్చిపోతే కాలేజీ పరువేం కావాలి? శుక్రవారం సాయంత్రం బుద్ధి చెప్పడానికి పురసవాకంలో ఆయన ఇంటికి వెళ్ళాడు. భాష్యం గారి భార్య వరదలక్ష్మి తలుపు తీసింది.

"మేడ మీద ఉండారన్నా. మీరన్నా చెప్పండి. నేను అప్పడాలు ఎండబెట్టుకునే చోటంతా సుద్దతో గీతలు! ఆ రష్యా బంతి ఎప్పుడు ఏడికి వస్తుందో లెక్కంట. ఆదివారం నించి తెల్లారకముందే లేచి ఆడనే నిలబడతారు."

"ఆయనకింకా జూనే కదమ్మా?"

"ఏం జూను? విమానంలో వచ్చే పత్రికలన్నీ చదివేదానికి దినమూ మౌంట్‌రోడ్ లైబ్రరీకి పోతారే! ఇయ్యాళ కూడా పోయొచ్చినారు. ఓడలో వచ్చేది ఆయనకెందుకు, పొట్లాలకా?"

ఆదికేశవులు మెట్లెక్కాడు. మేడంతా భూమి, దాని చుట్టూ కక్ష్య. హిందూ మహాసముద్రం మీద భాష్యం గారు గొంతుక్కూర్చుని ఉన్నారు.

"దొంగా! ఇన్నేళ్ళూ నాటకమా?"

"మెల్లగా మాట్లాడు, పక్క మేడ మీద మన కాలేజీ పిల్లోడు ఉండాడు."

"ఎందుకయ్యా ఇదంతా?"

భాష్యం గారు చేతులు దులుపుకున్నారు. "ఇంగ్లండులో పిల్లకాయ ఇంట్లో రేడియో విప్పతాడు, నాయనతో వాదిస్తాడు, మేస్టరుతో వాదిస్తాడు. మన పిల్ల ఎవురితో వాదించేది? నాయనతో వాదిస్తే చెంపదెబ్బ. మనతో వాదిస్తే మార్కు పోతుందని భయం. తెలీనోడితో అయితే భయం లేదు గదా. కాలేజీలో ఒక్క తెలీనోడన్నా ఉండాలప్పా."

"అది నువ్వా?"

"ఎవరో ఒకరు. జీతం అదే గదా."

శనివారం వైవా గది బయట ఆదికేశవులు పచార్లు చేశాడు. పరీక్షకుడు లోలకం గురించి అడిగాడు, మృణాళిని చెప్పింది. ఆయన ఊరకుండక, కాగితం మీద మార్కు వేస్తూ, ఆ రష్యా బంతి కింద పడకపోవడం తనకు ఇంకా వింతగానే ఉందన్నాడు.

"పడకపోవడం కాదు సార్," అంది మృణాళిని, సుద్దముక్క అందుకుంటూ. "పడటమంటే ఏమిటో ముందు మీరు చెప్పండి."

ఆయన చెప్పాడు. సగం తప్పు చెప్పాడు. ఆమె దిద్దింది. తర్వాతి విద్యార్థి బయట బెంచీ మీద కునుకు తీసి లేచేదాకా తలుపు తెరుచుకోలేదు. నెల తిరక్కుండా ఫలితాలు వచ్చాయి. మృణాళిని పాసైంది.

ఆ ఫలితాలు చూసిన మర్నాడే ఆదికేశవులు తన క్లాసులో సుద్దముక్క పక్కన పెట్టి, తల గోక్కుని, వీలైనంత అమాయకంగా ముఖం పెట్టాడు.

"ఉప్పు నీళ్ళలో ఎందుకు కరుగుతుందో నాకు సరిగ్గా తెలియడం లేదు. మీలో ఎవరన్నా చెప్పండి."

క్లాసులో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. వెనక బెంచీలోంచి రంగసామి అనే కుర్రవాడు లేచి, ఓదార్పుగా అన్నాడు:

"పర్లేదు సార్. మాకూ తెలీదు."