కేజీఎఫ్‌లో నా రొంటి సంచి తనిఖీ

మనవరాలు సుమతికి ఆ ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. కరెంటు కోసమని తెచ్చుకున్న అణు ఇంధనాన్ని ఎవరైనా బాంబులకు మళ్ళిస్తున్నారేమోనని దేశదేశాలు తిరిగి తనిఖీ చేయాలట. అడగబోతే ఆ దేశాల వాళ్ళు ఊరుకుంటారా? కేజీఎఫ్‌లో ఉన్న నా తమ్ముడు వద్దంటే వింటుందని, బెంగుళూరులో విమానం ఎక్కేలోపే దాన్ని అక్కడికి తీసుకుపోయాను.

గౌనిపల్లిలో పొద్దున్నే బస్సెక్కి కోలారులో మారాం. కర్ణాటక సర్కారు బస్సుల్లో ఇక్కడి ఆడవాళ్ళకు టికెట్టు ఉచితమే గానీ ఆధార్ చూపించాలి.

"దినామూ చూస్తావు కదప్పా నా మొగం?" అన్నాను కండక్టరుతో.

"మొగం కాదమ్మా, కార్డు చూడాల. మా అమ్మ ఎక్కినా ఇంతే."

సుమతి నవ్వింది. "నా పనీ ఇదే అవ్వా. ఇంగ ఆ దేశాలు చూపించిన గదే కాదు, చూపించని గది కూడా చూసే హక్కుండాల. దానికి అందరూ ఒప్పుకోలా ఇంకా."

నా భయం ఇంకా పెరిగింది. బంగారుపేట దగ్గర అది నిద్రపోతే, దాని పాస్‌పోర్టు తీసి నడుముకు దోపుకున్న నా రొంటి సంచిలో ఆకువక్కల కింద పెట్టుకున్నాను.

తమ్ముడు బంగారు గని గేటు దగ్గర, పని దిగి వచ్చే వాళ్ళను తడిమి చూసే కాపలాదారుగా ఉండేవాడు. గని మూతపడింది గానీ అలవాటు పోలేదు. వాళ్ళింటి గడప దాటే వాళ్ళందరి సంచులూ చూస్తాడు.

"కొత్తల్లుడి జేబులే తడిమినాడు వదినా, మిమ్మల్ని ఇడుస్తాడా!" అంది మరదలు, మాకు రాగిముద్ద పెడుతూ.

సుమతికి నచ్చజెప్పమంటే తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "అందరినీ ఒకే మాదిరి చూస్తే ఎవురికీ కోపం రాదక్కా."

మధ్యాహ్నం బెంగుళూరు రైలుకు బయలుదేరాం. గడపలో నా పెద్ద సంచి తెరిచి చూపించాను.

"రొంటిదీ ఇప్పు."

"ఆకూ వక్కా, అంతే. నీ అక్కనురా నేను!"

"నువ్వు ఇప్పితే ఇంగెవురూ నొచ్చుకోరు."

పాస్‌పోర్టు కింద పడింది. సుమతి దాన్ని తీసుకుని దుమ్ము దులిపింది. "ఇల్లంతా ఎతికేదాన్ని అవ్వా. నిన్ను మాత్రం అడిగేదాన్ని కాదు."

రైలు కదిలింది. బంగారం తీసేశాక పారబోసిన మట్టి, ఆ సయనైడు దిబ్బలు ఎర్రటి ఎండలో మెరుస్తున్నాయి. మనవరాలి మీద ప్రాణం పెట్టుకున్న నేనే దాచాను, నవ్వుతూ అబద్ధం చెప్పాను. దేశాలు దాచవా? ఎవరో ఒకరు పోయి చూడాలి. ఆ ఎవరో నా పిల్లే కావాలా అన్న భయం మాత్రం ఇప్పటికీ పోలేదు.

మీరు ఈ దారిన వస్తే ఆధార్ కార్డు చేతికందేలా పెట్టుకోండి. సుమతిని బెంగుళూరులో దించి వచ్చే తిరుగు బస్సులో, కండక్టరు అడగకముందే కార్డుతో పాటు నా రొంటి సంచీ విప్పి పట్టుకున్నాను.