మేరీ సిస్టర్‌కు చెక్కిన మాట

జెన్నీ టేకు చెక్కను చిత్రిక పడుతోంది. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి ఆమె కాళ్ల మీద రాలుతోంది. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌ల గేట్లకు పేర్లు చెక్కే ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు, చేతిలో పాడైన చెక్కలే నేర్పాయి. ఈ చెక్క మాత్రం పాడవకూడదు. చర్చి దవాఖాన నుంచి రిటైరవుతున్న నర్సు మేరీ సిస్టర్‌కు ఇచ్చే జ్ఞాపిక ఇది. ఉలి జారి జెన్నీ బొటనవేలు తెగినప్పుడు కుట్లు వేసి, ధైర్యం చెప్పి, మళ్లీ ఉలి పట్టించింది ఆమే.

చిక్కల్లా ఒకటే. మేరీ సిస్టర్ ఉత్త పొగడ్త తీసుకోదు. కిందటి సన్మానంలో 'దేవత' అని రాసిచ్చిన జ్ఞాపికను వేదిక మీదే వదిలేసి, "దేవతలకు మోకాళ్ల నొప్పులుంటయా?" అంటూ దిగిపోయింది.

సంఘ పెద్ద సాముయేలు వచ్చాడు.

"ఇంగ్లీషుల రాయి బిడ్డా. స్మూత్ సెయిలింగ్ అని పెట్టు. వీడ్కోలు సభకు డాక్టర్లు వస్తున్నరు, జర దర్జాగ ఉండాలె."

"అంటే ఏంది పెద్దనాయినా?"

"పడవ హాయిగ పోయినట్లు."

"కరోనల మన దవాఖాన హాయిగ నడిచిందా? సగం మంది స్టాఫ్ మంచం పట్టిన్రు. గిది రాస్తే ఆడ్నే పెట్టి పోతది సిస్టర్."

"అయితే నువ్వే చెప్పు, పండితురాలా!"

జెన్నీ ఫోన్‌లో పడవల మాటలు వెతుకుతూ 'ఈవెన్ కీల్' దగ్గర ఆగింది. కీల్ అంటే పడవ అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు సాగే వెన్నుదూలం. అది సమంగా ఉంటే పడవ ఏ పక్కకూ ఒరగదట. చదివితే ఆమెకు చాలదు. చెక్కముక్కతో చిన్న పడవ చేసి తొట్టిలో వేసి, చేత్తో అలలు లేపింది. పడవ బోర్లా పడింది. అడుగున ఇనుప పట్టీ బిగించి మళ్లీ వేసింది. ఈసారి ఊగింది, ఒరిగింది, నిటారుగా లేచింది.

"చూసినవా? నీళ్లు ఊకోలేదు. పడవే నిలబడ్డది."

సాముయేలు తానూ నీళ్లను గట్టిగా తట్టి చూశాడు. "నిలబడ్డది. ఇగ చెక్కు."

'తుఫానులోనూ మమ్మల్ని ఈవెన్ కీల్ మీద నిలిపింది' అని అర్థం వచ్చే ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని జెన్నీ తొందరపడకుండా చెక్కింది.

సభలో మేరీ సిస్టర్ కళ్లద్దాలు సవరించుకుని చదివింది. మళ్లీ చదివింది. సాముయేలు కండువా నలుపుతున్నాడు.

"తుఫాను అని రాసినవా?"

"వచ్చింది గద సిస్టర్."

"వచ్చింది. ఒరిగినం గూడ."

"మళ్ల లేచినం."

మేరీ సిస్టర్ చెక్కను రెండు చేతులా అందుకుని గుండెకు ఆనించుకుంది.

"మా ఇంట్ల మేకు ఏడ కొట్టాల్నో నువ్వే వచ్చి చూపియ్యి బిడ్డా. బరువున్నది."