నేను పోసిన ఉప్పు

కరెంటును తిట్టాను, కోరుట్ల దుకాణం ఆయనను తిట్టాను, చివరికి మా ఆవిడనూ కసురుకున్నాను. తిట్టాల్సిన మనిషి ఎవరో తెలిసేసరికి తొట్టిలో స్టార్ ఫిష్ చచ్చిపోయింది. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను జగిత్యాలలో బస్సు కండక్టర్ని. మా ఆవిడది సిరిసిల్ల. పెళ్లయిన కొత్తలో విశాఖపట్నం తీసుకుపోయి సముద్రం చూపిస్తానని మాటిచ్చాను. మాట ఇవ్వడానికేం, నోరు మనదే. ఆరేళ్లకు సెలవు దొరికింది. ఆమె సంచులు కూడా సర్దింది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. రైలు రోకోలతో రైళ్లు ఆగిపోయాయి, దాంతో మా ప్రయాణమూ ఆగింది. ఆమె బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. ఏమన్నా అంటే బాగుండేది.

సముద్రానికి ఆమెను తీసుకుపోలేకపోతే సముద్రాన్నే ఇంటికి తెద్దామనుకున్నాను. అదీ నా తెలివి. కోరుట్లలో రంగు చేపల దుకాణానికి పోతే అక్కడ స్టార్ ఫిష్‌లు రెండే ఉన్నాయి. ఒకటి ఎర్రగా కంటికి ఇంపుగా ఉంది, రెండోది గోధుమ రంగుది. దుకాణం ఆయన రెండింటినీ నీళ్లలోనే వెల్లకిలా తిప్పి పెట్టాడు. గోధుమ రంగుది మెల్లగా చేతులు మడిచి తనంతట తానే బోర్లా తిరిగింది. ఎర్రది అట్లాగే ఉండిపోయింది.

"గిదే తీస్కపో భాయ్, దీంట్ల జాన్ ఉంది. నీళ్లల్ల ఉప్పు తగ్గొద్దు, పెరగొద్దు. బస్, గంతే," అన్నాడు గోధుమ రంగుదాన్ని చూపిస్తూ.

తగ్గొద్దన్న మాట ఒక్కటే నా చెవికెక్కింది. దాంతో పాటు చిన్న అద్దాల తొట్టి, నీళ్లలోకి గాలి కొట్టే మోటరు, సముద్రపు ఉప్పు పొట్లాలు, ఉప్పు కొలిచే గాజు గొట్టం కూడా ఇచ్చాడు. ఆటోలో పది మంది మధ్య ఇరుక్కుని ఇల్లు చేరేసరికి గొట్టం పగిలింది. ఇంకోటి తెచ్చుకుందాంలే అనుకున్నాను.

వారం తిరగకుండానే సమ్మె మొదలైంది. మా బస్సులు ఆగాయి, కొత్త గొట్టం కోసం ఆటోలో కోరుట్ల పోదామన్నా రోజూ ఎక్కడో ఒక చోట రాస్తారోకో. పొద్దున డిపో ముందు టెంటులో కూర్చోవడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి తొట్టి ముందు కూర్చోవడం, అదే నా పని. బొగ్గు బావుల్లోనూ సమ్మె కావడంతో కరెంటుకు ఒక వేళ లేదు. గాలి మోటరు ఆగినప్పుడల్లా మా ఆవిడ చెంబుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ నిలబడేది. చేతులు గుంజినా మానేది కాదు. దాన్ని చుక్కా అని పిలిచేది.

తొట్టిలో నీళ్లు రోజూ కాస్త తగ్గేవి. నేను ఉప్పు కలిపిన నీళ్లతో నింపేవాణ్ని.

"నీళ్లు ఇగిరితే ఉప్పు గూడ ఇగురుతదా? పప్పు ఇగిరితే ఉప్పు ఎక్కువైతది గని తక్కువైతదా? ఉత్త నీళ్లు పొయ్యుండ్రి," అన్నది ఒకరోజు.

"సముద్రం సంగతి నీకేం ఎర్క? నువ్వు పోయి పప్పు సూసుకో," అన్నాను. టెంటులో మైకు పట్టుకుని వచ్చిన ఊపు అది. ఆమె వంటింట్లోకి పోయింది.

కొన్నాళ్లకు చుక్క అద్దాన్ని పట్టుకోలేక జారిపోసాగింది. చేతుల కొసలు ముడుచుకున్నాయి. రొయ్య ముక్క పెడితే ముట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది పప్పు మాట. గుర్తొచ్చినవాణ్ని ఉత్త నీళ్లు రోజుకు కొంచెం కొంచెంగా పోయాలి కదా! నా తప్పు ఆమె కంట పడకముందే సరిచేయాలన్న తొందరలో సగం నీళ్లు బకెట్లోకి తోడేసి, రెండు బిందెల మంచినీళ్లు ఒక్కసారే గుమ్మరించాను. అసలే కోతి, ఆపై కల్లు తాగినట్టయింది.

తెల్లారేసరికి అది అడుగున మెత్తగా పడి ఉంది. తీయబోతే ఒక చేయి ఊడి వచ్చింది.

మా ఆవిడ ఏడవలేదు. నేను తోడి పెట్టిన బకెట్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"సముద్రం గింత ఉప్పగుంటదా?"

"ఉంటది," అన్నాను, ఆమె మొహం చూడకుండా.

"మీరెప్పుడన్న సూసిండ్రా?"

ఆరేళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. నేను టికెట్లు కొట్టింది ఆ ఊళ్లకే.

"సూడలే," అన్నాను.

"గా మాట ముందే అంటే, ఇద్దరం కలిసే మొదటిసారి సూద్దుమని అనుకుంటుంటి గద," అని బకెట్టు ఎత్తుకుపోయి మోరీలో పారబోసింది.