అత్త ఎత్తుకెళ్లిన రెక్కల గుర్రం

మా ఇంట్లో లావు పుస్తకం పట్టుకుంటే చాలు, గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నట్టే లెక్క. నేను నెలరోజులుగా చదువుతున్నది మంత్రాలూ శాపాలూ ఉన్న నవల. అట్ట మీద రెక్కల గుర్రం కూడా ఉంది. అయినా ఎవరూ తెరిచి చూడలేదు.

ఈ రోజు నేను మేడ్చల్ వెళ్లి వచ్చేసరికి, తూంకుంట నుంచి వచ్చిన మేనత్తకు అమ్మ దాన్ని ఇచ్చి పంపేసింది, వాళ్లమ్మాయి కూడా గ్రూప్స్ రాస్తోందని! శాపం తగిలిన రాణి బతుకుతుందో లేదో నాకింకా తెలియదు. వెంటనే ఫోన్ చేశాను.

"అత్తా, నా పుస్తకం..."

"ఆగు బిడ్డా, బస్సుల షురూ జేసిన, ఇడువబుద్ధి అయితలేదు. గా ముసలి మంత్రగత్తె మంచిదా, చెడ్డదా? గంత జెప్పు."

"మంచిదే అత్తా. మరి పుస్తకం ఎప్పుడిస్తవ్?"

"గప్పుడే జెప్పేసినవేందే! మజా అంత ఖరాబ్ జేస్తివి!"

ఫోన్ పెట్టేసింది. అడిగిందీ తనే, అలిగిందీ తనే. ఇలాంటి అత్తలు మీ ఇళ్లలో కూడా ఉన్నారా?

రేపు పొద్దున్నే తూంకుంట వెళ్తున్నాను. అత్త ఏ పేజీలో ఉన్నా సరే, పుస్తకం లాక్కుని వస్తాను.